కుండ లోపలి చెయ్యి

సభకు అధ్యక్షత వహిస్తున్న జిల్లా అధికారిణి ఉషారాణి గారికి, వేదిక మీద కుర్చీలు దొరికిన పెద్దలకు, కుర్చీలు చాలక కింద కూర్చున్న అంతకంటే పెద్దలకు, ఈ కుండల శిక్షణ కేంద్రంలో ఇరవై ఆరేళ్ళుగా నాతో కలిసి టీ తాగి మధ్యమధ్య పని కూడా చేసిన సహోద్యోగులకు, సారె ముందు తప్ప మరెక్కడా కుదురుగా కూర్చోలేని మా అప్పలసూరికి, పని మధ్యలో లేచి మట్టి చేతులతోనే వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మలందరికీ, మొదటి వరుసలో కూర్చుని "క్లుప్తంగా" అని కళ్ళతోనే హెచ్చరిస్తున్న నా భార్య తాయారుకీ, ఈ హరిబాబు నమస్కారాలు.

నా ముందు మాట్లాడిన నలుగురి మాటలూ శ్రద్ధగా విన్నాను. వాళ్ళు పొగిడిన ఆ మనిషెవరో గానీ చాలా మంచివాడు. ఈ కేంద్రంలో ఏ మూల పనిచేశాడో, ఇరవై ఆరేళ్ళలో నాకు ఒక్కసారీ ఎదురుపడలేదు. (నవ్వులు) మా సూపరింటెండెంట్ రమేష్‌బాబు గారైతే "హరిబాబు గారి చేతిలో పడితే మట్టి కూడా బంగారమవుతుంది" అనేశారు. రమేష్‌బాబు గారూ, మీ గదికీ మా షెడ్డుకీ మధ్య ముప్పై అడుగుల దూరం. ఒక్కసారి నడిచి వచ్చి చూసి ఉంటే ఆ మాట అనేవారు కాదు. నా చేతిలో పడిన మట్టి మట్టిగానే ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే కూడా దిగజారుతుంది.

ఈ రోజు పదవీ విరమణ గనక, ఇక నన్ను ఎవరూ ఏమీ చేయలేరు గనక, ఒక రహస్యం చెప్పేస్తాను. కుండల శిక్షణ కేంద్రంలో ఇరవై ఆరేళ్ళు జీతం తీసుకున్న ఈ మాస్టారికి కుండ చేయడం రాదు. (నవ్వులు) నవ్వకండి, నిజం. 1990లో ఇక్కడ చేరిన మొదటి వారంలో అప్పలసూరి సారె మీద కూర్చుని ప్రయత్నించాను. మట్టిముద్ద నడుమ బొటనవేలు పెట్టానో లేదో, అది కాస్తా ఎగిరి ఎదురుగోడకు అతుక్కుంది. ఆ గోడకు ఇప్పటికి మూడుసార్లు వెల్లవేశారు, మచ్చ మాత్రం పోలేదు, వెళ్ళేటప్పుడు కావలసినవాళ్ళు చూసి వెళ్ళొచ్చు. అప్పలసూరి సారె ఆపి, నా మొహం చూసి, చాలా మర్యాదగా "మాస్టారూ, ఇది సారె. గానుగ కాదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ నేను సారె జోలికి పోలేదు, సారె నా జోలికి రాలేదు.

మరి నన్నెందుకు వేశారయ్యా అంటే, అలంకరణ నేర్పడానికి. కుండ వాళ్ళు చేస్తారు, దాని మీద అచ్చులతో ముద్రలు వేయడం, రంగుమట్టి పూతలు పూయడం నేను నేర్పాలి. నా అర్హత ఏమిటంటే, డ్రాయింగు డిప్లొమా ఉంది, విజయనగరంలో నాలుగేళ్ళు దుకాణాలకు బోర్డులు రాశాను, అక్షరాలు గుండ్రంగా వస్తాయి. మా నాన్నగారు చీపురుపల్లి పక్కన వరీ నువ్వులూ పండించిన రైతు. మట్టితో మా ఇంటికి ఉన్న సంబంధమల్లా దాన్ని దున్నడమే. అటువంటి మనిషిని, తాతముత్తాతల నుంచీ కుండలు చేస్తున్నవాళ్ళకు గురువుగా పంపించారు. చేపకు ఈత నేర్పడానికి మాస్టారిని వేసినట్టుంది గదా, పైగా ఆ మాస్టారికి నీళ్ళంటే భయం.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. కుమ్మరి ఇళ్ళలో సారె మీద మగవాళ్ళే కూర్చుంటారు, ఆడవాళ్ళు ముట్టుకోరు. మట్టి తొక్కడం, మెత్తగా కలపడం, కుండ మెడకు గీతలు పెట్టడం, పూతలు పూయడం ఆడవాళ్ళ పని. అంటే ప్రభుత్వం వారు నన్ను నేర్పమన్నది అక్షరాలా ఆడవాళ్ళ పని. నేను ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, టక్కు చేసుకుని మొదటిరోజు షెడ్డులోకి వస్తే, మట్టి తొక్కుతున్న ఒకామె పక్కామెతో, నాకు వినపడాలనే, "ఓలమ్మా, పూతలెట్టడం నేర్పడానికి పేంటేసుకున్నోడొచ్చినాడే" అంది. ఆ మాట అన్నామె అప్పుడు ముప్పై ఏళ్ళ మనిషి. పేరు కూర్మమ్మ. ఇదిగో, వెనక గోడ దగ్గర స్తంభం చాటున ఉంది. కూర్మమ్మా, స్తంభం సన్నం, నువ్వు కనిపిస్తూనే ఉన్నావు. (నవ్వులు)

ఆ కూర్మమ్మ మన రిజిస్టరులో ఏమిటో తెలుసా? "సహాయకురాలు, మట్టి కలుపుటకు." ఇరవై ఆరేళ్ళుగా అదే హోదా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

నా మొదటి పాఠం చెబుతాను. కర్రతో హంసలూ మామిడిపిందెలూ చెక్కించి అచ్చులు తయారు చేసుకుని వచ్చాను. అప్పలసూరి అప్పుడే సారె మీంచి దించి, ఒక పూట ఆరబెట్టిన కుండ తెచ్చి నా ముందు పెట్టాడు. శిక్షణకు వచ్చినవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. నేను అచ్చు తీసి, పోస్టాఫీసులో కవరు మీద ముద్ర కొడతారు చూడండి, అలా టక్కున కొట్టాను. హంస పడింది. హంసతో పాటు కుండ పొట్ట కూడా లోపలికి పడింది. ఇంకొంచెం జాగ్రత్తగా రెండోది కొట్టాను, అదీ సొట్ట. మూడో దెబ్బకు కుండ కూర్చుండిపోయింది. ఎవరూ నవ్వలేదు. ప్రభుత్వోద్యోగి గదా, గౌరవం. కూర్మమ్మ ఒక్కతే లేచి వచ్చింది.

"అదేటి మాస్టారూ, అలగ కొట్టేస్తన్నారు? లోపల సెయ్యెట్టరేటి?"

"లోపల చెయ్యి దేనికి?" అన్నాను.

"దేనికేటి? బయట ముద్దరేస్తే లోపల సెయ్యి కాయాల. నేకపోతే కుండ ఉంటాదేటి?"

ఇంకో కుండ తీసుకుని, ఎడమచెయ్యి లోపల పెట్టి, సరిగ్గా ఎక్కడ అచ్చు పడబోతుందో అక్కడ లోపలి నుంచి నాలుగు వేళ్ళు ఆనించి, కుడిచేత్తో నా హంసను నెమ్మదిగా అద్దింది. హంస వచ్చింది, కుండ చెక్కుచెదరలేదు. నేను గొంతు సర్దుకుని, క్లాసు వైపు తిరిగి, "చూశారుగా, లోపల చెయ్యి పెట్టకపోతే ఏమవుతుందో మీకు తెలియాలనే ముందు అలా చేసి చూపించాను" అన్నాను. (నవ్వులు) అప్పలసూరీ, నువ్వు ఆ రోజు తల తిప్పుకుని దగ్గావు, అది దగ్గు కాదని నాకు తెలుసులే.

రెండో పాఠం పూత. రంగుమట్టి పూతంటే ఏముందిలే, బోర్డుకు రంగు వేసినట్టే గదా అనుకున్నాను. తెల్లమట్టి, ఎర్రమట్టి పల్చగా కలిపించి, బాగా ఎండి గలగలలాడుతున్న అరవై కుండల మీద నా సొంత చేతులతో లతలూ పువ్వులూ వేశాను. కూర్మమ్మ వచ్చి చూసి, "ఎండిపోనాక పూతెడితే ఊడిపోద్ది మాస్టారూ, పచ్చిగా ఉన్నప్పుడే ఎట్టాల" అంది. "నువ్వు వెళ్ళి మట్టి కలుపు" అన్నాను. అవునమ్మా, అన్నాను, తల అడ్డంగా ఊపకు, నాకు బాగా గుర్తుంది. ఆవంలో కాల్చి తీసేనాటికి పైనుంచి ఒక పెద్దాయన తనిఖీకి వచ్చారు. ఆయన చేతిలో పెట్టిన మొదటి కుండకు పూత అంతా పెళ్ళలు పెళ్ళలుగా లేచి, ఆయన తెల్లచొక్కా మీద రాలింది. ఆయన చాలాసేపు చూసి, "ఇది కొత్త పద్ధతా?" అని అడిగారు. "అవునండీ, ప్రయోగదశలో ఉంది" అన్నాను. ప్రయోగం చొక్కా మీద జరుగుతోందని చెప్పలేదు.

ఆ సాయంత్రం సిగ్గు విడిచి కూర్మమ్మను అడిగాను, పచ్చి అంటే ఎంత పచ్చి, ఎలా తెలుస్తుంది అని. ఆమె కుండ ఎత్తి చెంపకు ఆనించుకుంది. చల్లగా తగలాలి, కానీ చెంపకు మట్టి అంటకూడదు. అంటితే ఇంకా తడి ఎక్కువ. చల్లదనం లేకపోతే వేళ దాటిపోయింది. "పసిపిల్ల ఒళ్ళు సూసినట్టే మాస్టారూ. జరముందో నేదో సెంపే సెప్తాది" అంది.

దీన్ని నేను శిక్షణ పుస్తకంలో ఎక్కించాలి. చెంప అని రాస్తే పైవాళ్ళు నవ్వుతారు గదా? అందుకని "తేమ పద్దెనిమిది శాతం ఉన్నప్పుడు పూత వేయవలెను" అని రాశాను. ఆ పద్దెనిమిది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడుగుతారేమోనని ఇరవై ఆరేళ్ళు భయపడ్డాను. ఎవరూ అడగలేదు, ఆ రోజు మా ఇంట్లో క్యాలెండరు మీద తేదీ పద్దెనిమిది. (నవ్వులు, చాలాసేపు) పరీక్షల్లో మాత్రం పిల్లలు పద్దెనిమిది అని రాస్తేనే మార్కులు వేశాను. షెడ్డులో అందరి చెంపల మీదా మట్టి మరకలు ఉండేవి, "మొహాలు కడుక్కోండర్రా, శుభ్రత లేదు" అని వాళ్ళనే తిట్టాను.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పేస్తే ఒక పనైపోతుంది. కేంద్రంలో తయారైన ప్రతి మంచి కుండకూ ఒక గుర్తు ఉండాలని, నేను గుండ్రటి అక్షరాలతో ఒక అచ్చు చెక్కించాను. దాని మీద ఏముండాలి? కేంద్రం పేరుండాలి. కేంద్రం పేరు పొడుగు, పట్టలేదు. నా పేరు పొట్టి, చక్కగా పట్టింది. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడి నుంచి బయటికి వెళ్ళిన ప్రతి కుండ అడుగునా "హరి" అని ఉంటుంది. ఎవరైనా భక్తులు దేవుడి పేరనుకుని కళ్ళకద్దుకుని ఉంటే వాళ్ళకు పుణ్యమే వస్తుంది, నాకు మాత్రం రాదు.

తాయారు వాచీ చూసుకుంటోంది. ఇంకాసేపు ఓర్చుకో, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది.

అందరూ చెప్పారు గదా, ఏడేళ్ళ కిందట, 2009లో, మన కేంద్రానికి రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చిందని. ఆ కుండకు "కళింగ జాలం" అని పేరు, జాలం అంటే వల. ఆ పేరు నేను పెట్టాను. ఆ పని చూసి ఒకాయన "మాస్టారికి సముద్రం మీద ఎంత లోతైన దృష్టి!" అన్నారు. నాకు సముద్రం చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. జరిగింది ఇదీ.

కూర్మమ్మ ఏటా కళింగపట్నం వెళుతుంది, పులుసు దాకలు అమ్ముకోవడానికి. అక్కడ చేపలు ఎండబెట్టే చిన్నతల్లి అని ఒకామె దాకలు తీసుకుని ఎండుచేపలిస్తుంది. ఆ ఏడు ఎండుచేపలను ఒక చిరిగిన వల ముక్కలో మూటకట్టి ఇచ్చింది. కూర్మమ్మ చేపలు ఇంట్లో పెట్టి వల ముక్క షెడ్డుకు తెచ్చింది. అప్పలసూరి సారె మీద ఈడ్చిన పెద్ద వెడల్పు మూతి కుండ ఒకటి పచ్చిగా ఉంటే, దాని చుట్టూ ఆ వల తడిపి చుట్టి, లోపల చెయ్యి కాసుకుంటూ, బయట అరచేత్తో అంగుళం అంగుళం అద్దుకుంటూ పోయింది. మధ్యమధ్య నత్తగుల్ల అంచుతో చిన్న చిన్న ముద్రలు వేసింది, వలలో పడ్డ చేపపొలుసులంత. వల తీసేసరికి కుండ ఒంటి నిండా దాని అచ్చు. దాని మీద తెల్లమట్టి పూత మందంగా పూసింది. వల కనిపించకుండా పోయింది.

సరిగ్గా అప్పుడు నేను వచ్చాను. "ఏమిటీ సున్నం కొట్టినట్టు? అసహ్యంగా ఉంది, తుడిచెయ్" అన్నాను. కూర్మమ్మ నావైపు ఒక చూపు చూసి, తడిగుడ్డ తీసుకుని పైపైన తుడిచింది. పైన ఎర్రమట్టి బయటపడింది, గుంటల్లో తెల్లమట్టి నిలిచిపోయింది. ఎర్రటి కుండ మీద తెల్లటి వల, ముడి ముడీ లెక్కపెట్టుకోవచ్చు. షెడ్డంతా నోరు వెళ్ళబెట్టి చూసింది. నేను చెప్పాను గనక తుడిచిందనుకున్నాను. రెండేళ్ళ తర్వాత తెలిసింది, ఆమె తుడవడానికే పూసిందట. అంటే "తుడిచెయ్" అన్న నా తిట్టు కూడా ఆ పనికి అక్కర్లేదు. మొత్తం పనిలో నా వాటా అదొక్కటేనని మురిసిపోయాను, చివరికి అదీ పోయింది. (నవ్వులు)

పోటీకి పంపడానికి దరఖాస్తు వచ్చింది. దరఖాస్తు నింపడంలో ఈ జిల్లాలో నన్ను మించినవాడు లేడు, ఆ సంగతి రమేష్‌బాబు గారు ఒప్పుకుంటారు. అందులో "తయారుచేసిన కళాకారుని పేరు" అని ఒక గడి ఉంది. చిన్న గడి. కలం పట్టుకుని కాసేపు ఆలోచించాను. కుండ ఈడ్చింది అప్పలసూరి. వల అద్ది, ముద్రలు వేసి, పూత పూసి, తుడిచి, చెంపకు ఆనించి చూసి, ఆవంలో ఎక్కడ పేర్చాలో చెప్పింది కూర్మమ్మ. ఆ గడిలో "పి. హరిబాబు" అని రాశాను.



గడి చిన్నదని ఇంటికి వెళ్ళి తాయారుకు చెప్పాను. మనసులో కూడా ఏడేళ్ళు అదే చెప్పుకున్నాను. "బి. కూర్మమ్మ" అని రాస్తే ఆ గడిలో ఇంకా జాగా మిగిలేది. నాకు ఆ పేరు ఆ గడిలో ఉండాలనిపించింది, అంతే. నాకు చేతకాని పని నాకు వచ్చని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది.

పురస్కారం తెచ్చుకుని, శాలువా భుజాన వేసుకుని షెడ్డులోకి వచ్చాను. మిఠాయి పంచాను. కూర్మమ్మ లడ్డూ తీసుకుని, "మంచిదే మాస్టారూ. మీకొచ్చిందంటే మాకొచ్చినట్టే" అంది. ఆ మాట వ్యంగ్యంగా అని ఉంటే బాగుండేది. మనస్ఫూర్తిగా అంది. నేను ఆ పూట లడ్డూ తినలేకపోయాను, షుగరని చెప్పాను. అప్పటికి నాకు షుగరు లేదు, తర్వాత వచ్చింది.

సరే, ఏడేళ్ళు గడిచిపోయాయి, ఇంకో ఇరవై గడిచిపోయేవి. కానీ మూడు నెలల కిందట నా తర్వాత ఈ అలంకరణ విభాగానికి ఎవరన్న ప్రశ్న వచ్చింది. స్థానిక కళాకారులను బోధకులుగా తీసుకోవచ్చని నిబంధన ఉంది, విరమించే మాస్టారు సిఫార్సు చేయాలి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, ఆ "సహాయకురాలు" కూర్మమ్మ పేరే రాసి పంపాను. నెలకు జవాబు వచ్చింది. "సదరు అభ్యర్థికి డిప్లొమా గానీ, రాష్ట్రస్థాయి పురస్కారం గానీ లేనందున పరిశీలించలేము. తగిన అభ్యర్థి లభించని పక్షంలో విభాగమును మూసివేయవలెను." మేడం, కాగితం మీద సంతకం మీదే, కానీ తప్పు మీది కాదు. కాగితంలో లేనిది మీకెలా తెలుస్తుంది? ఆమెకు ఆ పురస్కారం లేకపోవడానికి కారణం అది మా ఇంట్లో గోడకు తగిలించి ఉండడం.

విభాగం మూసేస్తే అక్కడ నిలబడ్డ పద్నాలుగు మంది ఆడవాళ్ళనూ కుట్టుమిషన్ల మీదికి పంపుతారు. నేను మొహం చెల్లక చెల్లక వెళ్ళి కూర్మమ్మకు ఈ సంగతి చెబితే, "పోన్లెండి మాస్టారూ. నాను మట్టి కలుపుకుంటాను. ఈ గుంటలే పాపం, ఇప్పుడిప్పుడే సెయ్యి తిరుగుతన్నాది. మట్టి సేతుల్తో కుట్టుమిసను ముట్టుకుంటే గుడ్డ పాడైపోద్ది కదేటి" అంది. తన గురించి ఒక్క ముక్క లేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈ ఉపన్యాసం మీకు తప్పేది.

అమ్మా తాయారూ, పొద్దున్న "సంచిలో ఆ కుండెందుకు?" అని అడిగావు. ఎవరికో బహుమతి అన్నాను. అబద్ధం కాదులే.

(సంచిలోంచి కుండ తీసి బల్ల మీద పెట్టారు.)

ఇదే "కళింగ జాలం". పోటీ నుంచి తిరిగొచ్చాక ఏడాదిపాటు ఆఫీసు అద్దాల బీరువాలో ఉంది. తర్వాత ఫైళ్ళకు బీరువా కావలసివచ్చి, ఎలాగూ నా పేరున ఉంది గనక నన్ను ఇంటికి పట్టుకుపొమ్మన్నారు. మా ఇంట్లో తాయారు దీనిలో కరెంటు బిల్లులూ, రేషన్‌కార్డూ, నా కళ్ళజోడూ పెడుతుంది. రోజూ పొద్దున్నే కళ్ళజోడు కోసం ఇందులో చెయ్యి పెడతాను. కళ్ళజోడు లేకుండా కనిపించదు గదా, తడుముకోవాలి. అలా తడుముకుంటుంటే ఒకరోజు లోపలి గోడకు నాలుగు చిన్న గుంటలు తగిలాయి. పక్కన మరో నాలుగు. వాటి పక్కన ఇంకో నాలుగు. బయట ఎక్కడెక్కడ వల అద్దారో, గుల్ల ముద్ర వేశారో, అక్కడక్కడల్లా లోపల నాలుగు వేళ్ళ గుర్తులు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు, చెయ్యి పెడితేనే తెలుస్తుంది.

మేడం, మీరు ఒకసారి దయచేసి చెయ్యి లోపల పెట్టి చూడాలి. ఏమీ లేదండీ, బిల్లులన్నీ తీసేశాను. (నవ్వులు) గాజులు తగలవు, మూతి వెడల్పే.

(ఉషారాణి గారు లేచి కుండలో చెయ్యి పెట్టారు.)

తగిలాయా? మూడు వేళ్ళు తిన్నగా ఉంటాయి. నాలుగోది, చిటికెనవేలు, కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. ప్రతి చోటా అంతే. చిన్నప్పుడు మట్టి తవ్వుతుంటే గునపం తగిలి కూర్మమ్మ ఎడమచేతి చిటికెనవేలు విరిగి వంకరగా అతుక్కుంది. కూర్మమ్మా, చెయ్యి కొంగులో దాచుకోకు, ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నవాళ్ళమే.

ఆ రోజు నుంచీ నా వేళ్ళు ఆ గుంటల్లో పెట్టి చూస్తున్నాను మేడం. ఒక్క రోజు కూడా సరిపోలేదు. కావాలంటే ఇప్పుడు అందరి ముందూ పెట్టి చూపిస్తాను. సర్టిఫికెట్టు నాదే, చెయ్యి నాది కాదు.

ఇదిగో ఉత్తరం. రెండు ముక్కల్లో ఉంది, చదివేస్తాను. "2009 సంవత్సరపు రాష్ట్రస్థాయి పురస్కారం పొందిన కుండను సారె మీద చేసినది అప్పలసూరి, దానిపై ముద్రలు, పూత సమస్తం చేసినది బి. కూర్మమ్మ. దరఖాస్తులో నా పేరు నేనే తప్పుగా రాసుకున్నాను. పురస్కారం వెనక్కి ఇస్తున్నాను. వారి పేర్లు నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, హరిబాబు." మా చుట్టాలలో ఒక ప్లీడరు గుమస్తా ఉన్నాడు. ఈ ఉత్తరం చూసి, "బావా, రిటైరై ఆర్నెల్లు ఆగి ఇవ్వు" అన్నాడు. ఆర్నెల్లకు ఆ పద్నాలుగు మందీ జాకెట్లకు కాజాలు కుడుతుంటారు. అందుకని ఈ రోజే ఇస్తున్నాను. పేపరువాళ్ళు రాసుకుంటే రాసుకోనీండి, పేరు తప్పు రాయకపోతే చాలు, ఆ పని నేను ఒకసారి చేశాను.

ఏమిటి మేడం? తేదీయా? అయ్యో, తేదీ వేయలేదు! చూశారా, దరఖాస్తుల్లో నన్ను మించినవాడు లేడని ఇప్పుడే కోతలు కోశాను. (నవ్వులు) జూన్ ముప్పై, రెండువేల పదహారు. ఇదిగో వేశాను. ఏమంటున్నారు... "ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది, సోమవారం నేనే స్వయంగా పంపిస్తాను, ఈలోగా విభాగం మూయరు." అందరూ విన్నారుగా? మైకులో చెప్పాను, ఇక తప్పదు మేడం. (చప్పట్లు)

ఇక ఈ శాలువా. రమేష్‌బాబు గారు ఎంతో అభిమానంగా కప్పారు, ఉక్కపోతకు చచ్చిపోతున్నాను. దీన్ని ఒకరికి కప్పాలి. కూర్మమ్మా, రా. అప్పలసూరీ, నువ్వూ రారా. ఏమిటి? చేతికి మట్టుందా? మన విభాగంలో మట్టి అంటనిది నా చెయ్యి ఒక్కటే, దానికే సిగ్గుగా ఉంది. రా తల్లీ.

(కూర్మమ్మ వేదిక మీదికి వచ్చారు. శాలువా కప్పించుకోకుండా ముందు కుండ అందుకుని, బోర్లించి, అడుగున "హరి" అన్న ముద్ర మీద బొటనవేలు రాసి, మాస్టారితో ఏదో అన్నారు.)

క్షమించాలి. ఏమందో మీకు వినపడలేదు, మైకు నా దగ్గర ఉంది. చెబుతాను. చెప్పకపోతే ఇదీ దాచుకున్నట్టవుతుంది.

"మీ పేరు అచ్చు అడుగున కొట్టినప్పుడు కూడా, లోపల సెయ్యి నాదే మాస్టారూ" అంది. నవ్వుతూనే అంది.

ఇరవై ఆరేళ్ళలో "హరి" అని కొన్ని వేల కుండల మీద కొట్టాను. ఒక్కటీ సొట్టపడలేదు. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. తలెత్తి ఎదురుగా కుండ పట్టుకున్నది ఎవరో చూడలేదు.

వచ్చినందుకు, విన్నందుకు, నవ్వవలసినచోట నవ్వి, నవ్వకూడనిచోట ఊరుకున్నందుకు మీకందరికీ నా కృతజ్ఞతలు. తాయారూ, కళ్ళజోడు పెట్టుకోవడానికి రేపటి నుంచి ఇంకేదైనా చూడు, కుండ ఇక్కడే ఉంటుంది. అడుగున ఉన్న ఆ పేరు చెరపడానికి వీల్లేదు, కాలిపోయిన మట్టి. ఉండనీండి, పిల్లలకు చెప్పుకోవడానికి ఒక తప్పు కూడా కావాలి గదా. పుస్తకంలో ఆ పద్దెనిమిది శాతం మాత్రం కొట్టేసి చెంప అని రాసుకోండి.

కూర్మమ్మ మాస్టారూ, నాకు సెలవు ఇప్పించండి. సెలవు.